సిమ్యులేషన్‌లో నడిస్తే నడిచినట్టు కాదు

ఈమధ్య మన హైదరాబాద్‌లోనే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మొబైల్ రోబోటిక్స్ మీద ఒక ప్రొఫెసర్ గారి ఉపన్యాసం విన్నాను. కంట్రోల్ సిస్టమ్స్‌లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న మనిషి. గంటసేపు మాట్లాడితే దాదాపు సగం సేపు ఆవిడ చూపించినవి తన రోబో దారి తప్పిన వీడియోలే. ఒకదాంట్లో గడపంత ఎత్తు కూడా లేని చిన్న మిట్ట దగ్గర చక్రం ఆగిపోయింది. ఆగినంతసేపూ మోటార్లను నడిపే కంట్రోలర్ లోపల ఇంటిగ్రల్, అంటే దిద్దలేకపోయిన తప్పుల మొత్తం, పోగవుతూ వచ్చింది, మిట్ట దాటిందో లేదో బండి ఒక్కసారిగా ముందుకు దూకి ఎదురుగా ఉన్న కుర్చీని గుద్దింది. ఇంకోదాంట్లో అద్దం తలుపు. లైడార్ (కాంతి పంపి, తిరిగొచ్చిన దాన్ని బట్టి దూరం కొలిచే పరికరం) కాంతి అద్దంలోంచి అవతలికి వెళ్లిపోయింది కాబట్టి రోబో లెక్కలో అక్కడ తలుపే లేదు, తిన్నగా వెళ్లి కొట్టుకుంది. ప్రతి వీడియో దగ్గరా ఆగి, ఎందుకిలా అయింది, ఆ తర్వాత సమీకరణంలో ఏం మార్చాం, మార్చాక మళ్లీ ఎక్కడ తప్పింది అని ఓపిగ్గా చెప్పుకుంటూ పోయారు.

చివర్లో ఒక అబ్బాయి లేచి, "మేడమ్, ఇవన్నీ పేపర్లో పెడతారా?" అని అడిగాడు. పెట్టాలనే ఉంటుందమ్మా, చోటు దొరకదు అన్నారావిడ. నా పక్క సీట్లో ఉన్న లెక్చరర్ మాత్రం నా వైపు వంగి, ఈ పనంతా సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్ లోపలే రోబోని నడిపి, చేసుంటే ఈపాటికి మూడు పేపర్లు వచ్చేవండీ అన్నారు. ఆయన చెడ్డగా అనలేదు, నిజంగానే ఆవిడ కష్టం వృథా అవుతోందని బాధపడ్డారు. ఆ మాట పట్టుకునే ఇదంతా రాస్తున్నాను.

నేను జీడిమెట్లలో పనిచేస్తాను. ఫ్యాక్టరీల్లో సామాను మోసే డ్రైవర్ లేని బండ్లకు కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాయడం, వాటిని సైట్‌లో నడిపించి అప్పజెప్పడం నా ఉద్యోగం. ప్రొఫెసర్‌ని కాను, పీహెచ్‌డీ లేదు. కానీ ప్రాజెక్ట్ ఎక్స్‌పోలకు జడ్జిగా, అప్పుడప్పుడు వైవాలకు బయటి ఎగ్జామినర్‌గా పిలుస్తుంటారు కాబట్టి చుట్టుపక్కల కాలేజీల్లో ఏం జరుగుతోందో చూస్తూనే ఉన్నాను. నా అభిప్రాయం ఇది. మొబైల్ రోబోటిక్స్‌లో పరిశోధన అని పేరు పెట్టుకున్న పని నేల మీదకి దిగి తీరాలి. దిగాక ఎక్కడెక్కడ తప్పిందో కూడా అదే పేపర్లో, అదే థీసిస్‌లో రాయాలి. ఇది గట్టిగా అడగాల్సింది విద్యార్థుల్ని కాదు, వాళ్లకు మార్కులూ ప్రమోషన్లూ ఇచ్చేవాళ్లని.

0.65 మిల్లీమీటర్లు

కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే పసుపు రంగు బీఓ (బ్యాటరీతో నడిచే చిన్న) మోటార్లు, వాటి చక్రాలు ఎలక్ట్రానిక్స్ చదివిన వాళ్లందరికీ తెలుసు. చక్రం వ్యాసం 65 మిల్లీమీటర్లు. రెండు చక్రాల బండి ఒకటి అనుకోండి, చక్రాల మధ్య దూరం 30 సెంటీమీటర్లు. కుడి చక్రం ఎడమదానికంటే ఒక్క శాతం పెద్దది, అంటే 0.65 మిల్లీమీటర్లు. కంటికి ఆనదు. ఇప్పుడు రెండు చక్రాలూ సరిగ్గా సమానంగా తిరిగేలా మంచి పీఐడీ (తప్పు ఎంతుంది, ఎంతసేపట్నుంచి ఉంది, ఎంత వేగంగా మారుతోంది అని చూసి మోటారును దిద్దే సూత్రం) పెట్టి 10 మీటర్లు నడిపించండి. కుడి చక్రం 10 సెంటీమీటర్లు ఎక్కువ నడుస్తుంది. దాన్ని 30తో భాగిస్తే బండి తిరిగిన కోణం దాదాపు 19 డిగ్రీలు, పక్కకు జరిగిన దూరం 1.65 మీటర్ల దాకా. మామూలు కాలేజీ కారిడార్ మధ్యలో బయలుదేరిన బండి ఈపాటికి గోడకు తగిలి ఉంటుంది.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆపే సంగతేమిటంటే, కంట్రోలర్ తప్పేమీ చేయలేదు. చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్లు రెండూ ఒకే లెక్క చూపిస్తున్నాయి, ఎర్రర్ సున్నా, గ్రాఫ్ గీస్తే అద్దంలా ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ అనేది తాను కొలిచిన తప్పునే దిద్దగలదు, కొలవనిది దానికి లేనట్టే. సిమ్యులేషన్‌లో రెండు చక్రాలకూ ఒకే నంబరు ఇస్తాం కాబట్టి ఈ తప్పు పుట్టనే పుట్టదు.

దీని మీద మిషిగన్ విశ్వవిద్యాలయంలో బోరెన్‌స్టైన్, ఫెంగ్ అనే ఇద్దరు 1990ల మధ్యలో చేసిన పని ఉంది. రోబోటిక్స్‌లోకి కొత్తగా వచ్చే ప్రతివాళ్లకీ నేను మొదట చెప్పేది దాని గురించే. రోబోని 4 మీటర్ల చతురస్రం చుట్టూ తిప్పి, బయలుదేరిన చోటికి ఎంత దగ్గరగా వచ్చిందో కొలుస్తారు. ఇంతవరకు ఎవరికైనా తడుతుంది. వాళ్లు పట్టుకున్నదేమిటంటే, ఒకే దిశలో తిప్పితే మోసపోతాం. చక్రాల వ్యాసాల్లో తేడా ఒక తప్పు, చక్రాల మధ్య దూరం మనం అనుకున్నంత లేకపోవడం ఇంకో తప్పు. ఒక దిశలో తిరిగేటప్పుడు ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని రోబో సరిగ్గా మొదలైన చోటికే వచ్చేయొచ్చు. చూసేవాళ్లం చప్పట్లు కొడతాం. అదే రోబోని ఎదురు దిశలో తిప్పితే రెండు తప్పులూ కలిసి ఎక్కడికో పోతుంది. అందుకని గడియారం తిరిగే వైపు ఐదుసార్లు, ఎదురువైపు ఐదుసార్లు తిప్పి, రెండు గుంపుల తేడా నుంచి రెండు తప్పుల్నీ విడివిడిగా లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు. లెక్క చూస్తే ఇంటర్ స్థాయి త్రికోణమితి కంటే పెద్దగా ఎక్కువ లేదు. కానీ ఆ ప్రశ్న రావాలంటే ముందు ఒక రోబో నేల మీద దారి తప్పాలి, తప్పినప్పుడు ఎవరో టేపు పట్టుకుని అక్కడ కూర్చుని ఉండాలి.

ఇటుక మీద రోబో

ఒక ఎక్స్‌పోలో చూసింది చెప్తాను. బల్ల మీద ఒక ఇటుక, ఇటుక మీద రోబో, నాలుగు చక్రాలూ గాల్లో. లాప్‌టాప్‌లో దారి గీస్తే చక్రాలు దానికి తగ్గట్టు తిరుగుతున్నాయి, పక్కన ఫ్లెక్సీ మీద పథం ఎంత చక్కగా అనుసరించిందో గ్రాఫులు. పనిచేసిన అమ్మాయి ప్రతి సమీకరణాన్నీ తడుముకోకుండా చెప్పింది. కిందకు దించి చూపిస్తావా అమ్మా అని అడిగితే ముఖంలో టెన్షన్ కనిపించింది. "సిమ్యులేషన్‌లో కరెక్ట్‌గానే వచ్చింది సార్, కింద పెడితే ఎడమవైపు లాగుతోంది" అంది. వాళ్ల గైడ్ కల్పించుకుని, అది మెకానికల్ ప్రాబ్లమ్ సార్, మాది కంట్రోల్స్ అన్నారు.

దించాం. టైల్స్ మీద రెండు మీటర్లు పోయేసరికి నిజంగానే ఎడమవైపు లాగింది. మెకానికల్ బ్లాక్ నుంచి వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) తెప్పించి చక్రాలు కొలిస్తే ఎడమవైపు వెనక చక్రం మిగతావాటికంటే అర మిల్లీమీటరు పైగా తక్కువుంది. ఆ అమ్మాయి నా దగ్గర్నుంచి వెర్నియర్ తీసుకుని ఒక్కో చక్రాన్నీ మళ్లీ తనే కొలుచుకుంది, నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుంది, ఆ నంబర్లు కోడ్‌లో పెట్టి మళ్లీ నడిపింది. లాగడం పోలేదు, బాగా తగ్గింది. మరి మిగిలింది ఎక్కణ్నుంచి వస్తోంది సార్ అని అడిగింది. ఇలా స్టీరింగ్ లేని నాలుగు చక్రాల బండి తిరిగేటప్పుడు చక్రాలు పక్కకు జారి తీరాలి, ఆ జారుడు నేలను బట్టి మారుతుంది, గ్రానైట్ మీద ఒకలా, సిమెంటు మీద ఒకలా. అప్పటిదాకా ఆ అమ్మాయి చేసింది ప్రాజెక్టు, ఆ ప్రశ్న అడిగిన క్షణం నుంచి చేస్తున్నది పరిశోధన అని నాకనిపించింది. అప్పటికి ఎక్స్‌పో అయిపోతోంది, ఫస్ట్ ప్రైజు ఇంకెవరికో వెళ్లిపోయింది.

ఆ గైడ్ గారి మాట మీద నాకు కోపం లేదు కానీ ఒప్పుకోను. చక్రం జారడం మెకానికల్ వాళ్లదీ, గెయిన్‌లు (కంట్రోలర్ ఎంత గట్టిగా దిద్దాలో చెప్పే అంకెలు) మావీ అని గీత గీసుకుంటే ఇక మొబైల్ రోబోటిక్స్ అనే శాస్త్రం ఎందుకు? ఆ రెండూ కలిసే చోటు పేరే అది.

బ్రాకెట్ సిద్ధాంతానికి నేల అక్కర్లేదు కదా

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ సిద్ధాంతం వైపు నుంచి వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. హార్వర్డ్ ప్రొఫెసర్ రోజర్ బ్రాకెట్ 1983లో ఒక ఫలితం ఇచ్చారు. కారు పక్కకు జరగలేదు, ముందుకో వెనక్కో పోతూ తిరగాల్సిందే. ఇలాంటి వాహనాన్ని అనుకున్న చోట, అనుకున్న కోణంలో సరిగ్గా నిలబెట్టడానికి, కాలంతో మారని, నునుపైన (ఎక్కడా తెగని) ఫీడ్‌బ్యాక్ సూత్రం ఒక్కటంటే ఒక్కటి కూడా సరిపోదని ఆ ఫలితం నుంచి తేలుతుంది. ఎంత తెలివైనవాళ్లు ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే లేదు. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లో రెండు స్తంభాల మధ్య కారు పెట్టడానికి ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కుస్తీ పడే వాళ్లెవరైనా దీన్ని నమ్ముతారు. ఈ ఫలితం కోసం బ్రాకెట్ ఏ రోబోనీ నడపనక్కర్లేదు. కానీ దాని దెబ్బకు ఆ తర్వాత పదేళ్లకు పైగా మొబైల్ రోబోల కంట్రోల్ పరిశోధన దారే మారింది, కాలంతో మారే సూత్రాలూ, మధ్యలో తెగి మారే సూత్రాలూ వెతకడం మొదలైంది. నేల మీద నడిపి చూపిస్తేనే డిగ్రీ అనే రూలు ఉంటే ఇలాంటి పని ఆగిపోదా?

చాలాసేపు ఆలోచించాను దీని మీద. ఆగిపోతుంది, ఆపకూడదు కూడా. కొత్త సిద్ధాంతం రుజువు చేసినవాళ్లకు రోబో అక్కర్లేదు, రుజువే వాళ్ల నేల. కానీ నా చేతికి వైవాకి వచ్చే థీసిస్‌లు అలాంటివి కావు. వాటిలో కంట్రోలర్ పాతదే, పీఐడీ. రోబో మోడల్ పుస్తకంలోదే. కొత్తగా వచ్చేది ట్యూనింగ్, అంటే గెయిన్‌లను సర్దే పద్ధతి, ఈసారి తోడేళ్ల గుంపును చూసి రాసిన ఆప్టిమైజేషన్, వచ్చేసారి తిమింగలాలను చూసి రాసింది, దాంతో ఓవర్‌షూట్ (అనుకున్న చోటు దాటి పోవడం) 4 శాతం నుంచి 3కి తగ్గింది అని ఒక పట్టిక. ఆ ఒక్క శాతం లాభం నేల మీద, బ్యాటరీ సగం దిగిన తర్వాత, టైల్ జాయింటు మీద నిలుస్తుందా అనే ప్రశ్న ఆ థీసిస్‌లో ఎక్కడా ఉండదు. రుజువూ లేదు, పరుగూ లేదు. నా పట్టుదల ఈ మధ్యలో ఉన్నవాటి గురించే.

ఇంకొకటి, సిద్ధాంతం కూడా అన్నిసార్లూ గదిలో కూర్చుని పుట్టలేదు. మనం రోజూ వాడే పీఐడీకి లెక్క రాసింది మినోర్స్కీ, 1922లో. ఓడ చుక్కాని పట్టుకునే మనిషి ఏం చేస్తాడో చూసి రాశాడు. ఓడ ఎంత పక్కకు తిరిగిందో ఒక్కటే చూసి అతను చుక్కాని తిప్పడు. ఎంత వేగంగా తిరుగుతోందో, ఎంతసేపట్నుంచి అలాగే ఉందో కూడా మనసులో లెక్కేసుకుంటాడు. పీ, ఐ, డీ మూడూ అందులోనే ఉన్నాయి. ఆ తర్వాత దాన్ని యూఎస్ఎస్ న్యూ మెక్సికో అనే యుద్ధనౌక మీద పరీక్షించారు.

చంద్రుడి మట్టి చేసిన వాళ్లు

నేల లేదండీ, ఎక్కడ నడపం అని అడిగేవాళ్లకి నేను చెప్పే ఉదాహరణ ఇస్రో. చంద్రుడి మీద రోవర్ నడపాలి, ఆ మట్టి ఇక్కడ లేదు. తమిళనాడులో సేలం దగ్గర సీతంపూండి ప్రాంతంలో చంద్రుడి ఎత్తు ప్రాంతాల రాయిని పోలిన అనార్థొసైట్ అనే రాయి ఉంది. దాన్ని తెచ్చి, పొడి చేసి, రేణువుల పరిమాణం సరిచూసి చంద్రుడి మట్టిలాంటి మట్టి తయారుచేసుకున్నారు, దాని మీద రోవర్ చక్రాలు నడిపి చూశారు. 26 కిలోల ప్రజ్ఞాన్ సెకనుకు ఒక సెంటీమీటరు వేగంతో నడిచే బండి. 2023 ఆగస్టు 27న దానికి మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పున్న గుంట ఎదురైతే వెనక్కి తిప్పి వేరే దారి పట్టించారు. ఆ విషయం దాచుకోలేదు, ఫొటోలతో సహా అందరికీ చెప్పారు. గుంట ఎదురవడం నామోషీ కాదు, చూసి తిప్పగలగడమే పని.

అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా డ్రైవర్ లేని బండ్లకు పెట్టిన ఎడారి పందెం కథ కూడా ఇదే. 2004లో 200 కిలోమీటర్లకు పైగా ఉన్న దారిలో అన్నిటికంటే ఎక్కువ దూరం పోయిన బండి 12 కిలోమీటర్ల దగ్గర ఇరుక్కుపోయింది, ఒక్కటీ పూర్తిచేయలేదు. అందరి ముందూ ఓడిపోయారు. మరుసటి ఏడాది, 2005లో, 212 కిలోమీటర్లు ఐదు బండ్లు పూర్తిచేశాయి. గెలిచిన స్టాన్లీ అనే బండిలో స్టీరింగ్ కోసం వాడిన సూత్రాన్ని ఇవాళ ఎంటెక్ పిల్లలు దాని పేరుతోనే సిమ్యులేషన్‌లో రన్ చేస్తున్నారు.

మన ఊళ్లో కూడా నేలను నమ్మి పనిచేసిన వాళ్లున్నారు, అది చెప్పకపోతే అన్యాయం. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్లు మన రోడ్ల మీద కారులో కెమెరా పెట్టుకుని తిరిగి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారుచేశారు. హైదరాబాద్, బెంగళూరు చుట్టుపక్కల 182 డ్రైవ్‌ల నుంచి 10,000 చిత్రాలు, వాటిలో 34 రకాల వస్తువులకు గుర్తులు, ఆటోరిక్షాకు విడిగా ఒక రకం. జర్మనీ నగరాల చిత్రాలతో నేర్పిన సాఫ్ట్‌వేర్‌కి ఆటో ఏమిటో, రోడ్డు ఎక్కడ ఆగి మట్టి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. మన రోడ్డు అంచు గీత గీసినట్టు ఉండదు కదా, తారు అయిపోయాక బండ్లు పోయే మట్టి, ఆ తర్వాత పోలేని మట్టి. అందుకే ఆ రెండిటికీ వేర్వేరు గుర్తులు పెట్టారు. ఇది మన నేలను చూస్తేనే తట్టే సంగతి. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో టీహాన్ టెస్ట్ ట్రాక్ 2022లో మొదలైంది, డ్రైవర్ లేని వాహనాల్ని పరీక్షించడానికే. అంటే ఈ ఊళ్లో ఆ స్పృహ లేక కాదు. అది ఆ రెండు మూడు క్యాంపస్‌ల గోడలు దాటి, ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ ఉన్న ఇన్ని కాలేజీల్లోకి పోవడం లేదు.

టైమెక్కడిది, మనిషేడీ

డబ్బు సాకు ఇప్పుడు పెద్దగా నిలవదు. ఎన్‌కోడర్ ఉన్న మోటార్లు, బోర్డు, బ్యాటరీ అన్నీ కలిపి కొన్ని వేలు, చిన్న లైడార్ పదివేల అటూఇటూ. కాలేజీ గేటు దగ్గర కొత్త ఆర్చ్ కట్టడానికి పెట్టే ఖర్చులో ఒక ల్యాబ్ నిండుతుంది.

టైమ్ మాత్రం నిజమైన సమస్య. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన అని ఉంది. దాని పైన కాలేజీ గుర్తింపు కోసం న్యాక్ ఫైళ్లు, ఎన్‌బీఏ ఫైళ్లు, పరీక్ష పేపర్లు, వేసవిలో అడ్మిషన్ల తిరుగుడు. ఇన్నింటి మధ్య రోబో చక్రం ఎందుకు లాగుతోందో నాలుగు రోజులు చూస్తూ కూర్చునే తీరిక ఎవరికుంది? కాలేజీలకు కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులో పరిశోధనకు 30 శాతం బరువు, అందులో లెక్కకొచ్చేవి పేపర్లు, వాటికి వచ్చిన సైటేషన్లు, పేటెంట్లు, ప్రాజెక్టు నిధులు. రోబో ఎన్ని గంటలు నడిచిందన్నది ఏ గడిలోనూ పడదు. నా పక్కన కూర్చున్న లెక్చరర్ గారి బాధ అక్కణ్నుంచి వచ్చిందే, ఆయన తప్పు కాదది.

అంతకంటే ఎవరూ మాట్లాడనిది ల్యాబ్ టెక్నీషియన్ సంగతి. చాలా కాలేజీల్లో ఆ ఉద్యోగం కాగితం మీద ఉంటుంది, మనిషి అటెండర్ పనికో ఆఫీసు పనికో పోతాడు. మా దగ్గర ఒకాయన ఉన్నారు, బాలానగర్‌లో లేత్ మీద పని నేర్చుకుని వచ్చిన మనిషి, పదో తరగతి చదివారు. బండి వస్తున్న చప్పుడు విని గేర్‌బాక్స్‌లో ఆట (పళ్ల మధ్య వదులు) ఎంత పెరిగిందో చెప్తారు. గేర్‌లో ఆట ఉంటే కంట్రోలర్ సున్నా దగ్గర అటూఇటూ వణుకుతుంది, నేను గెయిన్‌లు మారుస్తూ రెండ్రోజులు కూర్చోబోయే లోపు ఆయన గేర్ మార్చి పారేస్తారు. ఇలాంటి మనిషి ఒక్కరు ల్యాబులో ఉంటే ఇద్దరు ప్రొఫెసర్ల పని ముందుకు పోతుంది. ఆయన పేరు పేపర్లో ఉండాలి కూడా, కృతజ్ఞతల్లో కాదు, రచయితల్లో.

నడిపి చూపించడం తప్పనిసరి చేస్తే ప్రాజెక్ట్ సెంటర్లు రోబోలు కూడా అమ్మడం మొదలుపెడతాయని ఒక స్నేహితుడు అన్నాడు. ఇప్పటికే రిపోర్టుతో సహా అమ్ముతున్నారు, కాబట్టి ఆ భయం నిజమే. దానికి నాకు తోచిన మార్గం పరీక్షను నేల మీద పెట్టడం. ఎగ్జామినర్ వచ్చి దారిలో ఒక డోర్‌మ్యాట్ వేయాలి, ఒక చక్రానికి రెండు చుట్లు టేపు చుట్టాలి, మళ్లీ నడపమనాలి. రోబో తప్పినా ఫర్వాలేదు, ఎందుకు తప్పిందో చెప్పగలిగినవాళ్లకి పూర్తి మార్కులివ్వాలి. కొన్నవాళ్లు అక్కడ దొరికిపోతారు. అయినా కొందరు అది కూడా బట్టీ పట్టి వస్తారేమో, నాకు ఆ అనుమానం పూర్తిగా పోలేదు. పట్టినా కనీసం చక్రాలు జారతాయని బట్టీ పడతారు కదా.

సిమ్యులేషన్ వద్దనడం లేదు, నేనూ రోజూ వాడతాను. రాత్రంతా వెయ్యిసార్లు నడిపించొచ్చు, ఎవరి కాలి మీదకీ ఎక్కదు. చక్రాల వ్యాసాన్ని, ఘర్షణను కావాలని కొంచెం కొంచెం మారుస్తూ నడిపే పద్ధతులూ ఉన్నాయి, మంచివే. కానీ దేన్ని మార్చాలి, ఎంత మార్చాలి అన్నది నేల మీద కొలిచినవాళ్లకే తెలుస్తుంది.

అందుకని థీసిస్ రాసే పిల్లలకూ, వాళ్ల గైడ్‌లకూ ఒక మాట. మా ఓనర్ గారితో మాట్లాడాను, ఆదివారాలు షిఫ్ట్ లేనప్పుడు మా షాప్ ఫ్లోర్ వాడుకోమన్నారు. నున్నటి ఎపాక్సీ నేల కొంత, పగిలిన సిమెంటు కొంత, మధ్యలో డ్రెయిన్ మీద ఇనప జాలీ, లైడార్‌ని తికమక పెట్టడానికి మెరిసే స్టీలు ర్యాకులు ఉన్నాయి. వెర్నియర్, టేపు, చార్జింగ్ పాయింట్లు ఇస్తాం. బూట్లు తప్పనిసరి, గైడ్ కూడా వెంట రావాలి. వచ్చేవాళ్లు ముందు రోజు కామెంట్లో చెప్పండి, ఫోర్క్‌లిఫ్ట్ పక్కకు తీయించాలి.